వన్‌టౌన్ మిద్దె పని మొదలుపెట్టే ముందు

చి. శ్రీనుకి,

మావయ్య ఆశీస్సులు. విశాఖ వన్‌టౌన్ ఇంటి మరమ్మతు మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. మేస్త్రీ గోడ మీద ఉలి పెట్టేలోపు ఈ ఉత్తరం ఓపిగ్గా చదువు. ఆ ఇల్లు సున్నంతో కట్టిన మిద్దె. యుద్ధకాలపు గుర్తులు కూడా దాని ఒంటి మీదే ఉన్నాయి. మిద్దె దెబ్బతింటే డబ్బు పెట్టి బాగు చేసుకోవచ్చు. గుర్తులు ఒక పూట గోకితే పోతాయి, మళ్లీ రావు. అందుకే ముందు వాటి సంగతి.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పట్నుంచి పాత ఊళ్లో గోడకి గుంట కనబడితే చాలు, 'అది బాంబు దెబ్బే' అనేస్తారు. నువ్వు తొందరపడి ఒప్పుకోకు. ఉప్పుగాలి తిన్న గోడ కూడా గుంటలు పడుతుంది. ఉప్పు గుంటలు చాలావరకు నేల నుంచి మూడు నాలుగు అడుగుల లోపే ఉంటాయి. అంచులు మెత్తగా ఉండి, వేలితో రాస్తే పొడి రాలుతుంది, చుట్టూ తెల్లటి పూత కనిపిస్తుంది. బాంబు ముక్క తగిలిన గుంట లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది, అంచు గట్టిగా ఉంటుంది. ఎత్తుతో దానికి పని లేదు, ఎక్కువగా ఒకే వైపు గోడ మీద గుంపుగా కనిపిస్తాయి. చీకటి పడ్డాక టార్చిలైటు గోడకి ఆనించి వెలుగు పక్కవాటుగా పడేలా పట్టుకో, ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. అదే వెలుగులో పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయి. ఏ గది, ఏ గోడ, నేల నుంచి ఎంత ఎత్తు అన్నది అప్పటికప్పుడే రాసుకో. అనుమానం తీరని గుంటని పూడ్చకు. నీళ్లు నిలవకుండా అడుగున కాస్త సున్నం మెత్తి వదిలేయి.

తలుపుల పైన అర్ధచంద్రాకారపు అద్దాలకి నల్ల రంగు ఉంటే అది మరీ జాగ్రత్తగా చూడాల్సిన విషయం. దీపాల వెలుగు బయటికి పోకుండా వేసిన రంగే కావచ్చు. కానీ ఏ యుద్ధంలో? 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు కూడా విశాఖలో దీపాలు ఆర్పించారు. రంగు అంచున బ్లేడుతో గోరంత మేర పొరలు తెరిచి చూడు. నలుపు నేరుగా అద్దం మీదే ఉందా, దాని కింద వేరే రంగేమైనా ఉందా, చట్రం మీద ఎన్ని పూతల తర్వాత ఆ నలుపు వచ్చింది అని లెక్కపెట్టు. దాంతో ఏది ముందు, ఏది వెనక అన్నది తేలుతుంది. థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకు.

కాగితాల వేట కూడా ఇప్పుడే మొదలుపెట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో సర్కారు ఇళ్లు స్వాధీనం చేసుకున్నది డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ అనే యుద్ధకాలపు నిబంధనల కింద. విశాఖ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. అప్పటి మద్రాసు ప్రభుత్వపు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, 1942 ఏప్రిల్ 7 నుంచి ఆంధ్రపత్రిక సంచికలు చూడు. పత్రికల మీద సెన్సారు ఉన్న రోజులవి. అందులో లేనంత మాత్రాన జరగలేదని అనుకోకు. ఇంటి దస్తావేజులు, పాత పన్ను రశీదుల్లో ఆ ఏళ్లలో ఎవరున్నారో దొరికితే అది ఊరి మాట కంటే గట్టి ఆధారం.

ఇక పని. సిమెంటు సంచి గుమ్మం దాటనివ్వకు. సున్నపు గోడ లోపలి తేమని బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ, దాంతోపాటు ఉప్పు లోపలే ఉండిపోయి ఇటుకని పొడి చేస్తాయి. రెండు మూడు వర్షాకాలాలకే పూత పెచ్చులుగా ఊడుతుంది, ఊడేటప్పుడు ఇటుక ముఖాన్ని కూడా పట్టుకుపోతుంది. పాత సిమెంటు ఉంటే సన్న ఉలితో ఏటవాలుగా తీయించు. ఇటుక కూడా వచ్చేస్తుంటే అక్కడితో ఆపేయి.

రాతి సున్నం, అంటే ఇంకా నీళ్లు తగలని కాల్చిన సున్నపు గడ్డలు, దొరికితే నీళ్లలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, ఉడికేటప్పుడు చిమ్ముతుంది. నెల రోజులు నీళ్ల కిందే నాననిచ్చి, జల్లించి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు కడిగిన ఏటి ఇసుక కలిపించు. తడి గోడకైతే ఆ మూడింట్లో ఒక పాలు సుర్కీ, అంటే ఇటుక పొడి. సముద్రపు ఇసుక వద్దే వద్దు. పూత ఒక్కో పొర 10 మిల్లీమీటర్లు మించకూడదు. మొదటిది బిగిశాకే రెండోది. కనీసం పది రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. ఎండకి ఆరిపోతే సన్నటి బీటలు వస్తాయి. మేస్త్రీ కంగారుపెడతాడు, వినకు. అందుకే ఈ పని గుత్తకి ఇవ్వకు, రోజు కూలీకే చేయించు. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో బయటి పూత పెట్టుకోవద్దు. పైన సున్నం వెల్లే వేయాలి, పాలంత పల్చగా మూడు నాలుగు సార్లు. ఎమల్షన్ వేస్తే ఇంత శ్రమా వృథా.

మిద్దె కారుతోందని పైన కాంక్రీటు వేయమంటారు. రెండంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకి సుమారు 120 కిలోలు. ఆ బరువు టేకు దూలాలు మోయాలి, బీట పడితే నీళ్లు ఇంకా లోతుకి పోతాయి. ముందు దూలాల చివర్లు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. మెత్తగా దిగితే పుచ్చిపోయినట్టే. అక్కడ ఆసరా కర్రలు పెట్టించి, చివర్లు మార్చాకే పైకి ఎక్కాలి. కారే చోట పాత సుర్కీ గచ్చుని అడుగు వెడల్పున తెరిచి, అదే రకంతో పూడ్చించు. వాన నీటి గొట్టాలు శుభ్రం చేస్తే సగం కారడం అక్కడే ఆగిపోవచ్చు.

పెరట్లో తవ్వేటప్పుడు తుప్పు పట్టిన పెద్ద ఇనుప ముద్ద తగిలితే గడ్డపారతో కదపకు, నీళ్లు పోయకు. మనుషుల్ని దూరం పంపి, వెంటనే పోలీసులకి ఫోన్ చేయి.

గోడకి పలక పెడతానన్నావు. కాగితం దొరికిన మాటే దాని మీద రాయించు. తాతల నుంచి విన్నది ఉంటే 'అని ఇంటివారు చెప్పేవారు' అని విడిగా రాయించు. మేకులు రాతిలోకి కొట్టకు, ఇటుకల మధ్య సున్నంలోకి స్టెయిన్‌లెస్ స్టీలు మేకులే కొట్టించు. మామూలు ఇనుము ఆ గాలికి తుప్పు పట్టి ఉబ్బి గోడని చీల్చేస్తుంది.

అద్దం మీది పొరల ఫోటోలు, మిద్దె మీద తెరిచిన చోట కనిపించిన పొరల ఫోటో నాకు పంపు. సుర్కీ ఎంత కలపాలో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మావయ్య