షుగర్ లేనివాళ్లు కూడా చక్కెర తగ్గించాలా?

మీకు షుగర్ లేదు, లావుగానూ లేరు, మరి తీపి తగ్గించి ఏం లాభం అని అడిగారు. మూడేళ్ల క్రితం నా మాటా ఇదే. పరీక్ష చేయిస్తే పరగడుపు షుగర్ 96 వచ్చింది. బాగానే ఉన్నాననుకుని రిపోర్టు మడిచేయబోతుంటే, కింద ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 264 అని కనబడింది. అవి 150 లోపు ఉండాలి. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని తేలింది. నేను మందు ముట్టను, నూనె కూడా తక్కువే వాడతాను. ఇంత కొవ్వు ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థం కాలేదు.

డాక్టర్ మాత్రం రోజంతా ఏం తాగుతారని అడిగారు. లెక్క వేశాను. ఐదు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు. చెంచాకు 4 గ్రాములనుకున్నా 40. ఆరోగ్యమని రోజూ తాగే గ్లాసు పండ్లరసంలో ఇంకో పాతిక. ‘నేను స్వీట్లు తినను’ అని అందరికీ చెప్పుకునేవాణ్ని. నిజమే, తినలేదు, తాగాను! రోజుకు 2000 కేలరీలు తినేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 50 గ్రాములు, 25 లోపయితే ఇంకా మంచిదంటారు. తేనె, పండ్లరసం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కొరికి తినే పండు రాదు.

చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును ఒళ్లంతా వాడుకుంటుంది. ఫ్రక్టోజు భారం మాత్రం ఎక్కువగా లివర్ మీదే పడుతుంది. అది మోతాదు మించితే లివర్ కొవ్వుగా మారుస్తుంది. ఆ కొవ్వు కొంత అక్కడే పేరుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలో కలుస్తుంది. కొవ్వు పట్టిన లివర్ ఇన్సులిన్ మాట సరిగా వినదు. అప్పుడు పాంక్రియాస్ ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదిలి నెట్టుకొస్తుంది. అలా కొన్నేళ్లపాటు షుగర్ నార్మల్‌గానే కనబడుతుంది. నా 96 కూడా బహుశా అలాంటిదే.

పండ్లరసం ఆ రోజే మానేశాను. టీ దగ్గరే ఏడుపొచ్చింది. రెండు చెంచాల నుంచి ఒకటిన్నర, ఒకటి, అర... నెలన్నర పట్టింది. ఇప్పుడెవరైనా పాత లెక్కన కలిపిస్తే పాకం తాగినట్టుంటుంది. నాలుగు నెలలకు ట్రైగ్లిజరైడ్లు 158కి దిగాయి. రోజూ అరగంట నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి, ఘనతంతా చక్కెర తగ్గించడానిదే అనను.

మీరు పరగడుపు షుగర్ ఒక్కటే చూసుకుని ఊరుకోకండి. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, రక్తంలో కొవ్వులు చూపే లిపిడ్ ప్రొఫైల్ కూడా చేయించుకోండి. నడుము చుట్టుకొలత రాసి పెట్టుకోండి. నేను తగ్గింది రెండు కిలోలే, బెల్టు మాత్రం రెండు చిల్లులు లోపలికి జరిగింది.