టెక్ సందేహాలు: వేగం మారే మోటారులో లోపాన్ని కరెంటు పట్టిస్తుందా?

ప్రశ్న: సెంట్రిఫ్యూగల్ పంపును తిప్పే ఇండక్షన్ మోటారును నేరుగా సరఫరాకు కలిపి నడిపినంతకాలం, కరెంటు స్పెక్ట్రం (కరెంటులో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫ్) చూసి రోటారు బార్లు (మోటారులో తిరిగే భాగంలోని లోహపు కడ్డీలు) విరిగాయో లేదో తెలుసుకునేవాళ్లం. సరఫరా ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని మార్చే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్ అమర్చాక అదే సాఫ్ట్‌వేర్ ఒకరోజు లోపం ఉందని, మరొకరోజు లేదని చెబుతోంది. ఏది నమ్మాలి?

జవాబు: వేగాన్ని, లోడును నమోదు చేయకుండా తీసిన కొలతలైతే రెండింటినీ నమ్మనక్కరలేదు. బార్ విరిగినప్పుడు సరఫరా ఫ్రీక్వెన్సీకి రెండు పక్కలా, స్లిప్ (సరఫరా నిర్దేశించే వేగం కంటే రోటారు వెనకబడే మేర) ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దూరంలో, సైడ్‌బ్యాండ్లనే చిన్న శిఖరాలు కనిపిస్తాయి. నాలుగు పోల్‌ల మోటారు 50 హెర్ట్జ్ వద్ద 1500కు బదులు 1470 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే స్లిప్ 2 శాతం, అంటే 1 హెర్ట్జ్ గనుక, అవి 48, 52 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటాయి. డ్రైవ్ 25 హెర్ట్జ్‌కు దిగితే శిఖరాల స్థానం మారడం ఒక్కటే కాదు, పంపుకు కావలసిన టార్క్ (తిప్పే బలం) సుమారు నాలుగో వంతుకు పడిపోవడంతో స్లిప్ కూడా కుంచించుకుపోయి, అవి దాదాపు 24.5, 25.5 హెర్ట్జ్‌లకు చేరి ప్రధాన శిఖరపు నీడలో కలిసిపోతాయి. అప్పుడు సాఫ్ట్‌వేర్ ‘లోపం లేదు’ అన్నా, దాన్ని కనిపించలేదనే అర్థంలో తీసుకోవాలి.

అర హెర్ట్జ్ తేడాను స్పష్టంగా విడదీయాలంటే రెండు సెకన్ల కంటే చాలా ఎక్కువసేపు రికార్డు చేయాలి. అంతసేపట్లో వేగం కదిలితే శిఖరాలు చెదిరి పలచబడతాయి. అసలు చిక్కు ఇదే. కాబట్టి వీలైతే పూర్తి వేగానికి దగ్గరగా, లోడు బాగా ఉన్నప్పుడు, డ్రైవ్‌ను ఒకే ఫ్రీక్వెన్సీ వద్ద నిలిపి కొన్ని పదుల సెకన్లు నమోదు చేసి, అదే పరిస్థితిలో తీసిన పాత రికార్డుతో పోల్చండి. వేగాన్ని నిలపడం కుదరకపోతే, సంకేతాన్ని కాలాన్ని బట్టి కాక విద్యుత్ కోణాన్ని బట్టి తిరిగి శాంపిల్ చేసే ఆర్డర్ ట్రాకింగ్ సౌకర్యం ఉన్న సాఫ్ట్‌వేర్ అవసరం.

డ్రైవ్ వెక్టర్ కంట్రోల్‌లో (మోటారు టార్క్‌ను, అయస్కాంత క్షేత్రాన్ని విడివిడిగా నియంత్రించే పద్ధతిలో) ఉంటే మరో మెలిక ఉంది. దాని కరెంటు కంట్రోలర్ బార్ లోపం పుట్టించే ఊగిసలాటను అణచివేయడానికి ప్రయత్నిస్తుంది గనుక, ఆ జాడలో కొంత కరెంటు నుంచి వోల్టేజీలోకి మళ్లుతుంది. ఒక్క కరెంటునే చూసేవారు ఇక్కడే మోసపోతారు. డ్రైవ్ అవుట్‌పుట్ వోల్టేజీ నిటారుగా లేచే పల్సుల రూపంలో ఉంటుంది కనుక, దానికి తగిన రేటింగు ఉన్న ప్రోబుతో, శిక్షణ పొందిన ఎలక్ట్రీషియన్ చేతనే కొలిపించండి. కరెంటుకు తక్కువ ఫ్రీక్వెన్సీలోనూ నిక్కచ్చిగా పనిచేసే హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని బట్టి కరెంటును కొలిచేది) మేలు. డ్రైవ్ స్విచింగ్ రొద దొంగ శిఖరాలుగా మారకుండా శాంప్లింగ్‌కు ముందే ఫిల్టర్ ఉండాలి.

బేరింగుల సంగతికొస్తే, వాటి జాడ కరెంటులో చాలా బలహీనంగా ఉంటుంది. ఆ పనికి వైబ్రేషన్ సెన్సరే నయం.