యూరప్‌లో నఖాబ్ నిషేధం సరైనదేనా? అక్కడ ఉండి చూసినవాళ్లు చెప్పగలరా?

చూసినదాన్నే కాదు, ఆ చట్టం గురించి గెస్టులకు చెప్పే పని కూడా చేశాను. ఆస్ట్రియాలో త్సెల్ ఆమ్ జే అనే ఊళ్లో ఒక హోటల్ రిసెప్షన్‌లో మూడేళ్లున్నాను. ఆ ఊరి పేరు మనవాళ్లకు పెద్దగా తెలియదు కానీ కువైట్, సౌదీ వాళ్లకు బాగా తెలుసు. సరస్సు, వెనక మంచుకొండ, ఎప్పుడుపడితే అప్పుడు వాన. వాన మొదలైతే మిగతా టూరిస్టులు విసుక్కుంటూ లోపలికి వస్తారు, గల్ఫ్ కుటుంబాలు పిల్లల్ని వెంటేసుకుని తడవడానికే బయటికి వెళతాయి.

ముందు ఒక మాట. మనం అన్నిటినీ కలిపి బురఖా అనేస్తాం. నేను మలక్‌పేటలో పెరిగాను, అక్కడ బురఖా వేసుకున్న వాళ్లందరూ ముఖం కప్పుకోరు. ముఖం మీద వేసుకునేది నఖాబ్. ఈ చట్టాలు వచ్చింది దాని మీద. ఫ్రాన్స్‌లో 2011 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆస్ట్రియాలో 2017 అక్టోబర్ 1న వచ్చింది, జరిమానా 150 యూరోల వరకు. వచ్చిన కొద్ది రోజులకే వియన్నాలో ఒక షాపు ప్రచారం కోసం సొరచేప వేషం వేసుకుని నిలబడినతనికి ముఖం కప్పుకున్నాడని జరిమానా వేశారు! పోలీసులు వేషం తీయమంటే, నా డ్యూటీ ఇది అన్నాడట.

2018 జులైలో ఒక కుటుంబం చెకిన్‌కి వచ్చింది. భార్యకు నఖాబ్ ఉంది. పాస్‌పోర్టు ఫొటోతో సరిచూడాలి కదా, ఆవిడను వెనక లగేజీ గదిలోకి రమ్మన్నాను. తలుపు వేయగానే తనే నఖాబ్ ఎత్తింది. నా వయసే ఉంటుంది. అయిదు సెకన్లలో పని అయిపోయింది. బ్యాంకులో, ఎయిర్‌పోర్టులో ముఖం చూపించాలనడంలో నాకు అప్పుడూ ఇప్పుడూ అభ్యంతరం లేదు, ఆవిడకూ లేదు.

తర్వాత చట్టం సంగతి చెప్పాల్సి వచ్చింది. ఎందుకు అని అడిగింది. సమాజంలో కలిసిపోవడానికట అన్నాను, చట్టంలో రాసింది అదే. "మేం పది రోజులుండి వెళ్లిపోతాం, ఎవరితో కలవాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాటి నుంచి భర్త, పిల్లలు సరస్సు దగ్గరికి వెళ్లేవారు. ఆవిడ బాల్కనీలో కూర్చునేది. ఒకరోజు టీ ఇవ్వడానికి వెళితే వాన పడుతోంది, రెయిలింగ్ బయటికి చెయ్యి చాపి ఉంది.

అంతవరకూ నేను నిషేధానికే ఓటేసేదాన్ని. నఖాబ్ అంటే ఎవరో బలవంతంగా వేయించిందే అనుకునేదాన్ని. అలా వేయించే మగవాళ్లు లేరని కాదు. ఫ్రాన్స్ చట్టంలో బలవంతపెట్టిన వాడికి ఏడాది వరకు జైలు, 30,000 యూరోల వరకు జరిమానా ఉన్నాయి. ఆ భాగం నాకు నచ్చుతుంది, అది వాడి మీద పడుతుంది కాబట్టి. మిగతాదంతా ఆడమనిషి మీదే పడుతోంది. బలవంతంగా వేసుకున్న ఆవిడైతే ఇల్లు కదలదు, ఇష్టంతో వేసుకున్న ఆవిడైతే జరిమానా కడుతుంది. 2014లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఫ్రాన్స్ చట్టాన్ని సమర్థించింది. భద్రత కారణం సరిపోదంది కానీ "కలిసి జీవించడం" అనే కారణాన్ని ఒప్పుకుంది. మనిషి గడప దాటకపోతే కలిసి జీవించడం ఎలాగో నాకైతే అర్థం కాలేదు.

కరోనా వల్ల 2020 ఏప్రిల్‌లో అదే ఆస్ట్రియాలో సూపర్ మార్కెట్‌లోకి వెళ్లాలంటే మాస్కు తప్పనిసరి చేశారు. నఖాబ్ చట్టం అలాగే ఉంది. ముక్కూ నోరూ కప్పుకుని క్యూలో నిలబడ్డాను. ముందున్న ముసలావిడ వెనక్కి తిరిగి నవ్వింది. కళ్లను బట్టి తెలిసింది.