పాఠకుల ప్రశ్నలు: ‘వైట్ విడో’ గంజాయికి దక్షిణాది మూలం

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నెదర్లాండ్స్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు, అక్కడ బాగా పేరున్న ‘వైట్ విడో’ అనే హైబ్రిడ్ గంజాయికి మన దక్షిణ భారతదేశపు మొక్కే ఒక మూలమని చెబుతున్నాడు. ఇది నిజమేనా? మా తోటలోని గోదావరి గంగ కొబ్బరి లాంటి హైబ్రిడేనా అది కూడా?

జవాబు: మీ మేనల్లుడు విన్న మాట ఆ మొక్కను రూపొందించినవారు మొదటి నుంచీ చెబుతూ వచ్చినదే. బ్రెజిల్‌కు చెందిన పొడవాటి నాటు రకాన్ని, కేరళ నుంచి సేకరించిన, బంక దండిగా ఊరే మరో నాటు రకంతో సంకరపరచి, 1990ల మొదట్లో నెదర్లాండ్స్‌లో దానిని తయారు చేశారు. 1995లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన కనబిస్ కప్ పోటీలో గెలిచాక దాని పేరు ఖండాలు దాటింది. తయారు చేసిన ఘనత ఎవరిదన్న తగవు మాత్రం నేటికీ తెగలేదు.

‘వైట్’ అన్న పేరు పూగుత్తుల మీద కనిపించే తెల్లని నూగును బట్టి వచ్చింది. పూర్వం ఒక కేసులో పట్టుబడిన మొక్కను గుర్తించవలసి వచ్చినప్పుడు నేను ఆ నూగును భూతద్దం కింద చూశాను. అది వైట్ విడో కాదు, మన ఏజెన్సీ కొండల్లో పెరిగిన రకమే. అయినా కంటికి పిండి చల్లినట్టున్న ఆ పొర, అద్దం కింద సన్నని కాడ మీద గుండ్రని తల నిలబెట్టుకున్న వేలాది బంక గ్రంథులుగా విడివడి కనిపించింది. ఆకు పైభాగాన మాత్రం ఎలుగుబంటి గోళ్ల వలె వంగిన గట్టి నూగు ఉంటుంది. పొడి చేసిన సరుకులో కూడా గంజాయిని పోల్చుకోవడానికి ప్రయోగశాలల్లో దానినే ఆనవాలుగా చూస్తారు. మత్తు కలిగించే టీహెచ్‌సీ ప్రధానంగా ఊరేది ఆ గుండ్రని తలల్లోనే. ఆ పదార్థాన్ని శుద్ధరూపంలో వేరుచేసి, దాని నిర్మాణాన్ని 1964లో వెల్లడించినవారు ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రాఫెల్ మెషూలమ్, యెహీల్ గవోని.

వైట్ విడో వంశావళిలో కేరళ మొక్కను ‘ఇండికా’ అని రాస్తారు. ఆ మాట గందరగోళం కలిగించేదే. 1785లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త లామార్క్ భారతదేశపు మొక్కలను చూసి ఆ పేరు పెట్టగా, నేటి గంజాయి వ్యాపారం మాత్రం హిందూకుష్ పర్వతాల పొట్టి, వెడల్పాకుల రకాలకు దానిని అంటగట్టింది. మన దక్షిణాది కొండల్లోని నాటు మొక్క పొడవుగా, సన్నాకులతో పెరుగుతుంది కనుక, వ్యాపారుల లెక్కలో అది ‘ఇండికా’ కానే కాదు. పేరుకు మూలమైన దేశపు మొక్కకే ఆ పేరు పొసగని పరిస్థితి వచ్చిందంటే, ఈ వర్గీకరణను ఎంతవరకు నమ్మవచ్చో మీరే ఆలోచించండి.

ఇక హైబ్రిడ్ సంగతి. గోదావరి గంగకు తూర్పుతీరపు పొడుగు రకం తల్లి, గంగాబొండాం అనే పొట్టి రకం తండ్రి. మనిషి తల్లిచెట్టు ఎక్కి, విచ్చిన పూపొత్తులోని మగపూలను తొలగించి, సంచి తొడిగి, ఆడపూలు పక్వానికి వచ్చిన రోజుల్లో తండ్రిచెట్టు పుప్పొడిని అద్దితేనే ఒక్కొక్క విత్తనకాయ తయారవుతుంది. అందుకే మీ తోటలో కాసిన కాయను తిరిగి నాటవద్దని పరిశోధన కేంద్రం వారు హెచ్చరిస్తారు. తరువాతి తరంలో గుణాలు చెదిరిపోతాయి. వైట్ విడో విషయంలో ఈ కట్టుదిట్టం లేదు. గంజాయిలో ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి, పుప్పొడి గాలిలో చాలా దూరం పోతుంది. మేలైన ఆడమొక్కను ఎంచి దాని కొమ్మలను నాటితే గుణం నిలుస్తుంది గాని, గింజలతో పెంచితే ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వస్తుంది. అమెరికాలో జరిపి 2019లో ప్రచురించిన జన్యు పరిశోధనలో, ఒకే పేరుతో దుకాణాల్లో అమ్మిన గంజాయి నమూనాలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా తేలాయి. పొట్లం మీది పేరు వంశానికి హామీ కాదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఇటువంటి గింజలు అమ్ముతున్నారు. డాబా మీద కుండీలో ఒక్క మొక్క పెంచితే తప్పవుతుందా? — పాలకొల్లు పాఠకుడు

జవాబు: అవుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా గంజాయి సాగు చేస్తే పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పట్టుబడిన గంజాయికి ‘స్వల్ప పరిమాణం’ అనే లెక్క ఉంది గాని, సాగుకు ఆ లెక్క వర్తించదు. గింజ ఒక్కటే గంజాయి నిర్వచనం కిందికి రాకపోయినా, దానిని మట్టిలో వేసిన క్షణం నుంచి అది సాగే.

మన డెల్టాలో కౌలు సాగు ఎక్కువ కనుక ఇంకొక మాట కూడా చెప్పాలి. తన భూమిలో ఇటువంటి సాగు జరుగుతోందని తెలిసిన భూయజమాని వెంటనే అధికారులకు తెలియజేయాలని అదే చట్టంలోని 46వ సెక్షన్ నిర్దేశిస్తోంది. తెలిసీ ఊరుకుంటే అతడూ శిక్షార్హుడే. లంకల్లో భూమి కౌలుకిచ్చి హైదరాబాదులో ఉంటున్నవారు పంట కాలంలో ఒక్కసారైనా వచ్చి చేను చూసుకోవడం మంచిది.

ప్రశ్న: హెంప్ నారకు గిరాకీ ఉందంటున్నారు. సార్వా వరి కోశాక జనుము చల్లినట్టు దానిని చల్లుకోవచ్చా? — మార్టేరు రైతు

జవాబు: మన జనుమును ఆంగ్లంలో ‘సన్ హెంప్’ అంటారు గాని, అది పప్పుజాతి మొక్క, గంజాయితో దానికి చుట్టరికం లేదు. మీరు విన్న హెంప్ మాత్రం టీహెచ్‌సీ బహుస్వల్పంగా ఉండే గంజాయి మొక్కే. నార, గింజల కోసం దాని సాగును అనుమతించే అధికారాన్ని మాదకద్రవ్యాల నిరోధక చట్టంలోని 14వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఉత్తరాఖండ్ 2018లో, టీహెచ్‌సీ 0.3 శాతం మించని రకాలకు లైసెన్సు ఇచ్చింది. లైసెన్సు లేకుండా చల్లితే, పై జవాబులో చెప్పిన శిక్షే మీకూ వర్తిస్తుంది.

చట్టం అడ్డు లేదనుకున్నా, మన నేల దానికి అనువు కాదు. రాత్రి పొడవు పెరిగితే పూతకు వచ్చే మొక్క ఇది. ఐరోపా నార రకాలు అక్కడి పదహారు గంటల వేసవి పగటిలో మనిషిని మించి ఎదుగుతాయి. మన వద్ద ఎంత పెద్ద పగలైనా పదమూడు గంటలకు కాస్త పైన మాత్రమే, వరి కోతల తరువాత పన్నెండు గంటలు కూడా ఉండదు. అందువల్ల అది ఎదగకుండానే పూత వేస్తుంది, తీయడానికి పొడవైన నార ఉండదు. పైగా దాని వేరు నీటి నిలువను ఓర్వదు, కాలువ కింది బంకమట్టి చేలలో తడి ఆరడానికే రోజులు పడుతుంది. నారే కావాలనుకుంటే గోగు ఉంది. దాని ఆకు గంజాయి ఆకు వలె వేళ్లుగా చీలి ఉంటుంది కాబట్టే దానికి ‘హైబిస్కస్ కన్నాబినస్’ అనే శాస్త్రీయ నామం వచ్చింది. దానికి లైసెన్సు అక్కరలేదు, లేత ఆకు కూరకూ పనికివస్తుంది.