రోడోబ్యాక్టర్ లిపిడ్ పని మొదలుపెడుతున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. వెలుతురుతోనూ బతకగల బ్యాక్టీరియా రోడోబ్యాక్టర్ స్ఫీరాయిడిస్ మీద నీ ప్రాజెక్టు ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. నువ్వు పంపిన ప్లాను మొత్తం చదివాను. లిపిడ్లు, అంటే కణపు పొరని కట్టే కొవ్వుల్లాంటి పదార్థాలు, తీయడం గురించి పేజీలకు పేజీలు రాశావు, కల్చర్ (సీసాలో బ్యాక్టీరియా) పెంచడం గురించి మాత్రం రెండు ముక్కలతో సరిపెట్టావు. నన్నడిగితే అది తారుమారు కావాలి. ఈ జీవి పొరలో ఏముందో తెలియాలంటే, కణాల్ని కోసే (సేకరించే) వేళకి అది శక్తి ఎలా సంపాదించుకుంటోందో నీకు ఖచ్చితంగా తెలిసుండాలి.

గాలి బాగా అందితే ఇది మామూలుగా శ్వాసిస్తూ బతికేస్తుంది. ఆక్సిజన్ తగ్గిందా, కణపు పొర లోపలికి చొచ్చుకుని సుమారు 50 నానోమీటర్ల బుడగలుగా ఏర్పడుతుంది. వెలుతురు పట్టే ప్రోటీన్లన్నీ వాటిలోనే ఉంటాయి. వెలుతురు శక్తితో ఎలక్ట్రాన్‌ని కదిలించే రియాక్షన్ సెంటర్ నుంచి బయల్దేరిన ఎలక్ట్రాన్, దాన్ని చేరవేసే క్వినోన్, సైటోక్రోమ్ బీసీ1, సైటోక్రోమ్ సీ2 మీదుగా మళ్లీ అక్కడికే చేరుతుంది. ఆ క్రమంలో బుడగ లోపల ప్రోటాన్లు పోగవుతాయి, అవి ఏటీపీ సింథేస్ అనే ఎంజైము గుండా బయటికి వస్తేనే కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది. పొర కారిందంటే ఇదంతా వృథా. అందుకే నాకు లిపిడ్లంటే అంత పట్టింపు.

ముందు లైటు సంగతి చూడు. ల్యాబులో ఉంది కదా అని తెల్ల ఎల్‌ఈడీ పెట్టేయకు. మన కంటికి అది ధగధగలాడుతుంది గానీ, దీని యాంటెన్నాలు (వెలుతురు పట్టే ఆ ప్రోటీన్లు) ప్రధానంగా పట్టేది 800, 850, 875 నానోమీటర్ల దగ్గర, మనకు కనపడని కాంతిని. తెల్ల ఎల్‌ఈడీలో అది దాదాపు ఉండదు. పాతకాలం ఫిలమెంటు బల్బు దొరికితే అదే మేలు, లేకపోతే 850 నానోమీటర్ల ఎల్‌ఈడీ తెప్పించమని మీ గైడ్‌ని అడుగు. ఫిలమెంటు బల్బుకి వేడి ఎక్కువ. సీసాల దగ్గర థర్మామీటర్ పెట్టి 30 డిగ్రీలు దాటకుండా చూసుకో.

సీసా అంచుదాకా నింపి మూత బిగించు. ఆపైన రంగే నీకు చాలా చెబుతుంది. ఆక్సిజన్ లేనప్పుడు కల్చర్ పసుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. గాలి చొరబడితే స్ఫీరాయిడీన్ అనే రంగుపదార్థం కాస్తా స్ఫీరాయిడినోన్‌గా మారి ఎరుపు తిరుగుతుంది. ఎరుపెక్కిన సీసాని మిగతావాటితో కలపొద్దు తల్లీ, ఎంత కష్టపడి పెంచినా సరే.

ఇక ఫాస్ఫేట్. నీ ప్రాజెక్టుకి ప్రాణం ఇదే. శాస్త్రవేత్త క్రిస్టోఫ్ బెనింగ్, అతని సహచరులు 1993లో సల్ఫోలిపిడ్ (గంధకం ఉన్న లిపిడ్) తయారుచేయలేని ఈ జీవి మ్యూటెంట్ (జన్యువు మారిన రకం) గురించి ప్రచురించారు. కిరణజన్య పొరల్లో అంత మామూలుగా కనిపించే లిపిడ్ లేకపోతే ఎలక్ట్రాన్ల రవాణా కుంటుపడుతుందని ఎవరైనా అనుకుంటారు. అలాంటిదేమీ జరగలేదు. తేడా బయటపడింది ఫాస్ఫేట్ కరువైనప్పుడే, అప్పుడు ఆ మ్యూటెంట్ ఎదుగుదలలో వెనకబడింది. ఫాస్ఫేట్ చాలనప్పుడు ఈ జీవి ఫాస్ఫోలిపిడ్లు (ఫాస్ఫరస్ ఉన్న లిపిడ్లు) తగ్గించుకుని సల్ఫోలిపిడ్, ఆర్నిథిన్ లిపిడ్, బీటెయిన్ లిపిడ్ లాంటి ఫాస్ఫరస్ లేనివి పెంచుకుంటుంది. పుష్టిగా తినిపించిన కల్చర్‌లో మాత్రమే వెతికి ఉంటే ఆ లిపిడ్‌కి పనే లేదని తేల్చేసేవాళ్లు. నువ్వూ ఫాస్ఫేట్ పుష్కలంగా ఉన్నదీ, తక్కువున్నదీ, రెండు రకాల మీడియాల్లోనూ (పోషక ద్రావణాల్లోనూ) పెంచు. కొత్త సీసాలో వేసే సీడ్ కల్చర్‌తో పాటు ఫాస్ఫేట్ వచ్చేస్తుంది కాబట్టి కణాల్ని కడిగి వెయ్యి. సబ్బుపొడిలోనూ ఫాస్ఫేట్ ఉండొచ్చు, గాజుసామాను యాసిడ్‌తో కడగాలి. ఈ కడుగుడు పనిని చులకనగా చూసేవాళ్ల డేటాని నేను నమ్మను.

ఎక్స్‌ట్రాక్షన్‌కి (లిపిడ్లు తీయడానికి) నువ్వు రాసుకున్న, క్లోరోఫామ్ వాడే 1959 నాటి బ్లై, డయర్ పద్ధతే చాలు. గాజు ట్యూబులు, టెఫ్లాన్ లైనింగ్ మూతలు వాడు. క్లోరోఫామ్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, ఆ చెత్తంతా నీ శాంపిల్‌లో చేరుతుంది. పని ఫ్యూమ్‌హుడ్‌లోనే (ఆవిరిని బయటికి లాగే గూటిలోనే), మసక వెలుతురులోనే చెయ్యి.

లిపిడ్లని చుక్కలుగా విడదీసే టీఎల్‌సీ ప్లేటు మీద ఒక చిక్కుంది. నిన్‌హైడ్రిన్ అనే రంగు తెప్పించే ద్రావణం చల్లితే ఫాస్ఫోలిపిడ్ అయిన ఫాస్ఫటిడిల్ ఇథనాలమైన్‌కీ రంగొస్తుంది, ఆర్నిథిన్ లిపిడ్‌కీ వస్తుంది. ఒకటి తగ్గి ఇంకొకటి పెరిగే ప్రయోగంలో ఇవి కలగాపులగమైతే కథ మొత్తం మారిపోతుంది. అదే శాంపిల్‌తో జోడీ ప్లేటు నడిపి ఫాస్ఫేట్‌ని గుర్తించే మాలిబ్డినం బ్లూ చల్లు. ఫాస్ఫేట్ ఉన్న చుక్కే నీలమవుతుంది, ఆర్నిథిన్ లిపిడ్ అవదు.

లిపిడ్లకీ, ఏటీపీ కొలతకీ వేర్వేరు రోజుల కల్చర్లు వాడతానని రాశావు. ఇది మాత్రం ఒప్పుకోను. ఒకే సీసా నుంచి, ఒకే గంటలో రెండూ తీసుకో. కోసే ముందు కణాల స్పెక్ట్రమ్ (ఏ కాంతిని ఎంత పీల్చుకుంటున్నాయో చూపే గ్రాఫు) కూడా తీసిపెట్టుకో. మొదటి బ్యాచ్ స్పెక్ట్రమ్ రాగానే నాకు ఫోటో పంపు. 800, 850 శిఖరాలు రెండూ సరిగ్గా లేచాయో లేదో చూసి చెబుతాను, ఆ తర్వాతే కోద్దువుగాని.

ఇట్లు,
మీ పెద్దమ్మ