గానుగకు అప్పు సరే, పల్లీలకో?

ప్రశ్న: మాది వనపర్తి దగ్గర పల్లె. మా ఆయన పిండిగిర్ని నడుపుతారు. నా పేరుతో పల్లీ నూనె గానుగ పెట్టాలనుకుంటున్నాం. షెడ్డుకు, యంత్రాలకు ఆరు లక్షలవుతుందట. చేతిలో 80 వేలున్నాయి. ముద్ర రుణం ఇప్పిస్తానని ఒకాయన 20 వేలు అడుగుతున్నాడు. తెలిసినవాళ్లు నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు ఇస్తామంటున్నారు. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. ముద్ర రుణం ఇచ్చేది మీ ఊరి బ్యాంకే. ఆ పథకానికి ఏజెంట్లంటూ ఎవరూ లేరు. ఉన్న డబ్బులో పావు వంతు దరఖాస్తు నింపినందుకు పోయడమేమిటి? ఇక రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు లక్షలకు నెలకు 6,000 వడ్డీయే పోతుంది, అసలు కదలదు. బ్యాంకు వడ్డీ 11 శాతం అనుకున్నా అంతే అప్పుకు మొదటి నెల 2,750.

మీ లెక్కలో నాకు కనిపించని పద్దు ఒకటుంది: పల్లీలు. రోజుకు 50 కిలోల పప్పు ఆడిస్తే, నెలకు పాతిక రోజుల పనికి 1,250 కిలోలు కావాలి. కిలో 120 అనుకుంటే లక్షన్నర. యాసంగి పంట మార్కెట్ యార్డుకు వచ్చినప్పుడు నాలుగు నెలల సరుకు కొనిపెట్టుకోవాలంటే ఇంకా ఎక్కువ. గానుగలు మూలపడేది యంత్రం చెడిపోయి కాదు, సరుకు కొనడానికి డబ్బు లేక. అందుకే ప్రాజెక్టు రిపోర్టులో ఏడున్నర లక్షలు చూపించండి.

ఆ మొత్తానికి ముందుగా ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం చూడండి. ఇందులో యంత్రాలతో పాటు ఒక విడత నిర్వహణ పెట్టుబడినీ, అంటే సరుకు కొనే డబ్బునూ, కలపవచ్చు. పల్లెలో మహిళకు 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. అంటే మీరు 37,500 పెడితే సబ్సిడీ 2,62,500. అయితే ఈ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తుంటేనే అప్పులో జమవుతుంది. అప్పులో అంత భాగానికి ఈలోగా వడ్డీ పడదు.

ఇది కొత్త యూనిట్లకే. గిర్ని విస్తరణ అని రాశారో, దరఖాస్తు వెనక్కి వస్తుంది. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు కాబట్టి మీ ఆయన గిర్నికి ఏ సబ్సిడీ అయినా తీసుకున్నారేమో ముందే చెప్పండి. మంజూరు కాకముందే గానుగల వ్యాపారికి అడ్వాన్సు ఇవ్వకండి, ఎంత తొందరపెట్టినా సరే. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

అక్కడ కుదరకపోతే ముద్రలో తరుణ్ విభాగం ఉంది. ఐదు లక్షలు దాటి పది లక్షల వరకు, ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు. సబ్సిడీ మాత్రం లేదు.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఉద్యమ్ నమోదు పత్రం (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేయించే నమోదు, ఇది ఉచితం), జీఎస్టీ నంబరున్న కొటేషన్లు, షెడ్డు స్థలం కాగితాలు, ఖాతా స్టేట్‌మెంటు పట్టుకెళ్లండి. ఇద్దరి సిబిల్ స్కోర్లూ (పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే మార్కులు) ముందే చూసుకోండి. పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు సక్రమంగా కట్టి ఉంటే ఆ పుస్తకం తప్పక చూపించండి. మేనేజర్లు దానికి విలువిస్తారు. బ్యాంకు అప్పు ఇవ్వనంటే కారణం రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితంతో జిల్లాలోని బ్యాంకుల సమన్వయం చూసే లీడ్ బ్యాంకు మేనేజరును కలవండి.