ఫ్రాంకెన్‌స్టైన్ చేసిన మనిషిని వెలివేసింది ఎవరు?

మనిషి తయారుచేసిన జీవులు కథల్లో ఎప్పుడూ వెలివేతకే గురవుతాయి, తల్లి కడుపున పుట్టకపోవడమే అందుకు కారణమా అని అడిగారు. కాదనే నా జవాబు. 1818లో వచ్చిన మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ఒక్కదాన్ని పట్టుకుని చెబుతాను.

పదమూడో ఏట నాకు బొల్లి మచ్చలు మొదలయ్యాయి. ముందు పెదవుల దగ్గర, తర్వాత చేతుల మీద. అంటుకునే జబ్బు కాదని డాక్టరు ఎంత చెప్పినా, తరగతిలో నా నీళ్ల సీసాను ఎవరూ ముట్టుకునేవారు కాదు. డిగ్రీ రోజుల్లో నిఘంటువు పక్కన పెట్టుకుని ఈ నవల చదివాను. సినిమాలు చూసి, మెడలో ఇనుప మరలున్న మాటరాని భూతం ఎదురవుతుందనుకున్నాను. నవలలో ఉన్నవాడు మిల్టన్ కావ్యాన్నీ ప్లూటార్క్ రాసిన జీవిత చరిత్రలనూ చదువుకున్నవాడు. తన బాధను తానే చక్కగా చెప్పుకోగలడు. అతని గురించి తెలుగులో రాయబోతే మొదటి వాక్యంలోనే ‘అది’ అనాలా, ‘అతను’ అనాలా అని తేల్చుకోవాలి. నేను ‘అతను’ అనే అంటాను. అతనికి పేరు లేదు. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది చేసినవాడి ఇంటిపేరు. అతను కళ్లు తెరిచిన రాత్రే ఆ విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ గది వదిలి పారిపోయాడు.

నన్ను కుదిపేసింది ఆ తర్వాతి భాగం. అడవి అంచున ఒక ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టంలో అతను నెలల తరబడి దాక్కుంటాడు. గోడ చీలికలోంచి ఆ కుటుంబాన్ని చూస్తూ, వింటూ భాష నేర్చుకుంటాడు. ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లిన రోజు, ఒంటరిగా ఉన్న ముసలాయన దగ్గరికి వెళతాడు. ఆయనకు చూపు లేదు. మాట విని, నిజాయితీ ఉన్నవాడని నమ్మి, కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఇంతలో కొడుకు ఫెలిక్స్ వచ్చి కర్రతో కొడతాడు. తిరిగి కొట్టగల బలం ఉండి కూడా అతను కొట్టడు. అతని పుట్టుక ఎలాంటిదో ఫెలిక్స్‌కు తెలియనే తెలియదు, చూసింది ముఖమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాతో నెలపాటు ఫోనులో ఆత్మీయంగా మాట్లాడిన ఒకాయన, ఎదురుపడ్డాక చాపిన చేతిని సగంలోనే వెనక్కి తీసుకున్నారు. ఆ రాత్రి ఈ ఘట్టాన్ని మళ్లీ చదువుకున్నాను.

ఆ కుటుంబం కూడా వెలివేతకు గురైనదే. అన్యాయంగా శిక్ష పడిన ఒకరిని తప్పించినందుకు ఫ్రాన్స్ నుంచి బహిష్కృతులై, ఆస్తి పోగొట్టుకుని అక్కడికి చేరారు. వెలి అంటే ఏమిటో అనుభవించినవాళ్లే అతన్ని తరిమేశారు. నవల మొత్తంలో నాకు మింగుడుపడనిది ఇదే.

తర్వాత అతను చేసిన హత్యలను నేను సమర్థించను. విక్టర్ తమ్ముడు చిన్నపిల్లవాడు, ఏ పాపమూ ఎరుగనివాడు. కానీ ఆ హత్యలకు ముందున్న అతన్ని చూడకుండా తీర్పు చెప్పకూడదు. ఆ ఇంటివాళ్లు పేదవాళ్లని తెలిశాక వాళ్ల తిండి దొంగిలించడం మానేశాడు. రాత్రిళ్లు అడవిలో కట్టెలు కొట్టి గుమ్మం దగ్గర పెట్టేవాడు. పొద్దున్నే ఆ మోపు చూసి, ఎవరో మంచి దేవత తెచ్చిపెట్టిందని వాళ్లు ఆశ్చర్యపోయేవారు. గోడ అవతల ఆ మాట విన్నాడు. అప్పటికి దాని అర్థం అతనికి తెలియదు.